ఎచిసార్ మాటకు నేను రాసిన అర్థం

మే 11

పొద్దున్నే నాలుగు బుట్టల మంచుగడ్డలు కరిగించి నీళ్లు పట్టాను. మధ్యాహ్నం దాకా రొయ్యపొట్టు చెరిగే షెడ్డులో డ్యూటీ. ఆ తర్వాతే నా అసలు ఉద్యోగం, మాటలు సరిచూడడం.

భూమి దక్షిణపు కొసన, మే నెలకే చలికాలం ముదిరే ఈ మంచుపాలెంలో మేం తెలుగువాళ్లం మూడొందల పైచిలుకు. చిలీ దక్షిణాది దీవుల నుంచి వచ్చినవాళ్లు నలభై మంది. వాళ్ల స్పానిష్ మాకు రాదు, మా తెలుగు వాళ్లకి రాదు. నేర్చుకోవాల్సిన అవసరమూ ఎవరికీ పడలేదు. అందరి చెవుల్లోనూ పూసలున్నాయి. అవతలి మనిషి ఏ భాషలో మాట్లాడినా పూస మన భాషలో చెబుతుంది. అది తప్పు పలికితే పట్టుకుని ఈ చిట్టాలో రాయాలి, పూసలు చేసే పెద్దాఫీసుకు పంపాలి. పదేళ్లు వాళ్ల ఆడవాళ్ల పక్కన నిలబడి చేపల డబ్బాలు మూసినదాన్ని కాబట్టి నాకు స్పానిష్ చెవితోనే వచ్చేసింది. ఊరు మొత్తంలో రెండు భాషలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ఇవాళ పిల్లల గదికి వేడినీళ్లు పంపే పంపు ఆగిపోయింది. వాల్వు పగిలింది. కొత్తది రావాలంటే ఓడ రావాలి, ఓడ సెప్టెంబరులో గాని రాదు. ఒర్తెన్సియా వచ్చి చూసింది. అరవై మూడేళ్ల మనిషి, ఇక్కడి మెషీన్లన్నిటికీ ఆవిడే దిక్కు. పాత వలల డ్రమ్ములోంచి ఒక ఇత్తడి ముక్క కోసి, ఆకురాయితో నాలుగు గంటలు అరగదీసి, దాన్నే వాల్వుగా బిగించింది. పంపు తిరిగింది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "ఎస్ ఎచీసా, పెరో అగ్వాంతా" అంది. ఇంట్లో చేసిన సరుకే అయినా ఆగుతుందిలే, అని.

పక్కనున్న పంపు డ్రైవరు బండియ్య మొహం అదోలా పెట్టాడు. "ఏటన్నాదత్తా? ఇది చేతబడి చేసింది, కానీ ఆగుతాది అంటంది పూస."

నేను పడీ పడీ నవ్వాను. బండియ్యా నవ్వాడు. చిట్టాలో ఒక తప్పు నమోదు చేశాను.

మే 12

నిన్నటి తప్పు గురించి సరిగ్గా రాయాలి.

ఎచిసార్ అంటే మంత్రం వేయడం. నేను వేస్తే ఎచీసో, ఆమె వేస్తే ఎచీసా. కానీ వాళ్ల ప్రాంతంలో ఎచీసో, ఎచీసా అనే మాటలకు ఇంకో అర్థం ఉంది. కంపెనీది కాకుండా చేత్తో తయారుచేసుకున్న వస్తువును అలా అంటారు. వాల్వు వాళ్ల భాషలో స్త్రీలింగం, కాబట్టి ఎచీసా. రెండు మాటలూ 'చేయడం' అనే ఒక్క మూలం నుంచే పుట్టాయి. మన చేతబడిలోనూ ఆ చేయడమే ఉంది. పూసకు ఈ తేడా తెలియదు.

ఇంకో వాడుకా ఉంది, అదే ఎక్కువ. మనసు పడ్డవాళ్లు అంటారు, నువ్వు నన్ను ఎచిసార్ చేసేశావని. తెలుగులో మాయ చేసేశావు అన్నట్టే.

సవరణ పంపాను. ఎప్పటిలాగే జవాబు వచ్చింది: 'మీ సవరణ అందింది. తదుపరి కూర్పులో పరిశీలిస్తాం.' తదుపరి కూర్పు ఓడతోపాటు వస్తుంది.

మే 20

ఇవాళ వంటశాలలో జరిగింది చెబుతాను. బండియ్య భార్య నూకరత్నం ఏడు నెలల పాపను చంకన వేసుకుని గంజి కోసం వరసలో ఉంది. పాప పేరు దేవుడమ్మ. ఒర్తెన్సియా ముందు నిలబడి ఉంది. పాప ఆవిడ జడ పట్టుకుని లాగి నోట్లో పెట్టుకుంది. ఒర్తెన్సియా వెనక్కి తిరిగి పాప బుగ్గలు రెండు చేతుల్లోకీ తీసుకుని మురిసిపోతూ అంది, "ఎచిసాదా మే తియెనే తు నిన్యా!"

నీ కూతురు నన్ను మాయ చేసి పెట్టుకుందమ్మా, అని దానర్థం. వాళ్ల భాషలో పని చేసినవాళ్లు వాక్యం చివర రావచ్చు. పూసకు ఆ వరస అందలేదు. అది ఎవరు ఎవరికి చేశారో తిరగేసి పలికింది.

నూకరత్నం చెవిలో పడింది ఇదీ: "నీ కూతురికి చేతబడి చేసి పెట్టాను."

ఆమె పాపను లాగేసుకుంది. గంజి గిన్నె కింద పడింది. నేను రెండు బల్లల అవతల నుంచి పరిగెత్తుకొచ్చి, ఆమెను పక్కకు తీసుకెళ్లి గుసగుసగా చెప్పాను. "అది కాదే తల్లీ, ముద్దొచ్చి అన్నాది. నీ పిల్ల తనని మాయ చేసిందంట."

"మరి పూస అలాగనలేదు గదత్తా."

"పూస తప్పు చెప్పింది."

నూకరత్నం సరేనంది. నేను బతిమాలుతున్నట్టు ఉన్నానేమో, నా మొహం చూసి అన్న సరే అది. ఒర్తెన్సియాకి ఏం జరిగిందో తెలియదు. కింద పడ్డ గంజి తనే తుడిచింది.

మే 23

దేవుడమ్మకు జ్వరం. ఊపిరి తీస్తుంటే పక్కలు ఎగరేస్తోంది. నర్సమ్మ నెమ్ము అంది. ఈ చలికాలంలో ఇది ఐదో నెమ్ము కేసు. మిగతా నలుగురి విషయంలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మే 25

రొయ్యపొట్టు షెడ్డులో నేను వెళ్లగానే మాటలు ఆగిపోతున్నాయి. చివరికి నా పక్కన చెరిగే పైడమ్మ ఉండబట్టలేక అడిగింది.

"అప్పా, నిజం సెప్పు. ఆ మాటకి చేతబడి అనే అర్థం ఉందా, నేదా?"

"ఉంది గానీ..."

"ఉంది గదా!"

"ఉంది. కానీ ఆవిడ ఆ అర్థంతో అనలేదు."

"ఆవిడ ఏ అర్థంతో అన్నాదో నీకెలాగ తెలుసు? ఆవిడ కడుపులోకి దూరి సూసినావా?"

ఆ మాటకు ఆ అర్థం లేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేదేమో. అప్పటికప్పుడు నోరు రాలేదు. మాటల గురించి అబద్ధం చెప్పకూడదని ఇన్నేళ్లుగా పెట్టుకున్న నియమం, ఇవాళే అడ్డొచ్చింది.

మే 26

రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ ఈ చిట్టాలో తప్పులు రాయాలి, ఎవరివైనా సరే.

పూసకు ఆ అర్థం నేర్పింది నేనే.

తొమ్మిదేళ్ల క్రితం ఈ పూసలు కొత్తగా తయారవుతున్నప్పుడు ఊరూరి నుంచీ రెండు భాషలూ వచ్చినవాళ్లను పట్టుకుని మాటల జాబితా రాయించారు. రోజుకి నాలుగొందల మాటలు. ఎచిసార్ నా వంతులో వచ్చింది. చేతబడి చేయు అని రాశాను. కింద ఇంకో అర్థం రాయడానికి జాగా ఉంది. మాయ చేయు అని రాయవచ్చు, మనసు దోచు అని రాయవచ్చు. ఆ రోజు మెడ నొప్పిగా ఉంది, ఇంకా నూట ఎనభై మాటలు మిగిలి ఉన్నాయి. తర్వాతి మాటకు వెళ్లిపోయాను.

చేతబడి అనే మాట ఏం చేయగలదో తెలియని మనిషినా నేను? మా అమ్మ చిన్నతనంలో వాళ్ల పాలెంలో ఒక ముసలావిడను మంత్రగత్తె అని స్తంభానికి కట్టి పళ్లు ఊడగొట్టారట. ఆవిడ గంజి ఎలా జుర్రుకుని తాగేదో అమ్మ చేసి చూపించేది. అది తెలిసి కూడా ఆ మాటనే ముందు రాశాను, ఆ ఒక్కదాన్నే రాశాను.

మే 29

ఊరిపెద్ద కామయ్య మావ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విని, గడ్డం రుద్దుకున్నాడు.

"ఎర్రమ్మా, తప్పు నీదేనని నువ్వే అంటే జనం ఏటనుకుంటారో తెలుసా? ఆవిడని కాయడానికి నువ్వు తప్పు నెత్తినేసుకుంటన్నావంటారు. పదేళ్లు వాళ్లతో కంచం పంచుకున్నదానివి."

"మరి ఏం చెయ్యమంటావు మావా?"

"మీటింగు పెడతాను. ఆవిడ నోటితోనే సెప్పించు. తన మాట తనే సెప్పుకుంటే జనం మెత్తబడతారు."

అది మంచి ఆలోచనే అనిపించింది. ఒర్తెన్సియాతో చెప్పాను. విషయం పూర్తిగా తెలిసినప్పుడు ఆవిడ ముందు నవ్వింది, తర్వాత మంచం అంచున కూర్చుంది. "నేనా? ఆ పిల్లకా?" అని రెండుసార్లు అడిగింది.

వాళ్ల పెద్దాయన బెనిగ్నో దగ్గరికీ వెళ్లాను, మీవాళ్లంతా వచ్చి ఆమె పక్కన నిలబడండని. వాళ్ల దీవుల్లోనూ తాతల నుంచి మనవలకు విద్య దిగే మంత్రగాళ్ల కథలున్నాయి, వాటితోనే పెరిగాడాయన. మావాళ్లు అంటున్న చేతబడి ఆయన చెవి పూసలో ఆ కథల్లోని మాటగానే వినిపిస్తోంది. "ఆమె తాతది ఏ ఊరో నాకు సరిగా తెలియదు" అన్నాడు.

జూన్ 2

మీటింగు మధ్యాహ్నం వంటశాలలో జరిగింది. నేను ముందే అందర్నీ చేతులు జోడించి అడిగాను, పూసలు తీసేయండి, ఆవిడ మాటలు నేను చెబుతాను అని. సగం మంది తీశారు. మిగతావాళ్లు తీయలేదు. "నువ్వు సరిగ్గా సెప్తన్నావో లేదో మాకెలాగ తెలుస్తాది?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఒర్తెన్సియా ఉతికిన జాకెట్టు వేసుకుని వచ్చింది. మాట్లాడమని సైగ చేశాను. తను ఎవరికీ ఏమీ చేయలేదంది. ఆ మాట పూస సరిగ్గానే చెప్పింది. జనం కాస్త మెత్తబడ్డారు. నూకరత్నం తలెత్తి చూసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు బండియ్య అడిగాడు. "మరి పంపులో పెట్టినదేటి? నువ్వే అన్నావు గదా చేతబడిదని."

ఆ మాట ఆమె పూసలో ఎచీసా అనే పలికి ఉంటుంది, ఒర్తెన్సియాకి రోషం వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఈ ఊరికి చేసిన చాకిరీ గుర్తొచ్చి ఉంటుంది. పొయ్యి తలుపులు, మంచు మీద లాగే బళ్లు, పిల్లల ఉయ్యాల కొక్కేలు, పంపు వాల్వు, అన్నీ చేత్తో చేసినవే. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా అంది, "తోదో లో ఎచీసో దే ఎస్తే ప్వెబ్లో లో ఇసే యో!"

ఈ ఊళ్లో చేత్తో చేసిన ప్రతి వస్తువూ నేనే చేశాను. అంతే ఆమె అన్నది.

నేను నోరు తెరిచేలోపే వంద పూసలు ఒక్కసారిగా పలికాయి. "ఈ ఊళ్లో చేతబడి అంతా చేసింది నేనే."

ఆ తర్వాత నేను ఏం అరిచానో నాకే గుర్తు లేదు. బల్ల ఎక్కి అరిచాను. పూసలు తీసేసినవాళ్లు కూడా పక్కవాళ్లు చెబుతుంటే మళ్లీ పెట్టుకున్నారు. ఎవరో "పళ్లు పీకండి" అన్నారు. సముద్రాలు దాటి మంచులోకి వచ్చి పడినా, ఆ మాట మాతో వచ్చేసింది.

కామయ్య మావ ఆమెకూ జనానికీ మధ్య నిలబడ్డాడు. ఆమె మీద చెయ్యి వేయాలంటే ముందు తనను కొట్టాలన్నాడు. దాంతో దెబ్బలు తప్పాయి. తీర్పు మాత్రం జనం ఇష్టప్రకారమే అయింది. ఓడ వచ్చేదాకా ఒర్తెన్సియా పాత వాతావరణ కేంద్రం గుడిసెలో ఉండాలి, రాగానే ఎక్కి వెళ్లిపోవాలి. అది మంచు మీద ముప్పావు గంట నడక. ఆమె పంపులో పెట్టిన ముక్కను తీసి పారేయాలి.

బండియ్యే స్వయంగా వాల్వు విప్పి చేపల కోసం మంచులో కొట్టిన కంతలోంచి సముద్రంలోకి విసిరాడు. పంపు ఆగింది. పదకొండు మంది పిల్లల్ని వంటశాలకు మార్చారు. పొయ్యి చుట్టూ కుక్కుకుని పడుకుంటారు ఇక నుంచి.

ఒర్తెన్సియా ఎవరితోనూ మాట్లాడలేదు. తన ఆకురాళ్ల సంచీ తీసుకోబోతే అదీ వద్దన్నారు.

జూన్ 4

దేవుడమ్మకు జ్వరం తగ్గింది. పాలు తాగింది.

నర్సమ్మ పన్నెండు రోజులుగా సూది మందు ఇస్తోంది. మందు పనిచేసింది, అంతే. నర్సమ్మ ఆ మాట అందరికీ చెప్పింది కూడా. ఎవరు వింటారు? గుడిసెకి పంపిన రెండో రోజుకే పిల్ల లేచి కూర్చుంది.

పాప బతికినందుకు నాకు సంతోషంగా ఉంది. దాన్ని ఎత్తుకుని ఏడ్చాను. అదే సమయానికి ఇంకో రకంగానూ ఏడ్చాను. ఇక ఈ ఊళ్లో నేను ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

జూన్ 17

వారానికి రెండుసార్లు గుడిసెకి తిండి మోసుకెళ్లడానికి కామయ్య మావ నాకు అనుమతి ఇచ్చాడు. ఎండుచేపలు, బియ్యం, పొయ్యిలోకి నూనె.

గుడిసెలో చలి ఒక వైపు నుంచి తగ్గితే ఇంకో వైపు నుంచి వస్తుంది. ఒర్తెన్సియా గోడ సందుల్లో గుడ్డలు కుక్కింది. పూస తీసి ఒక డబ్బాలో పెట్టేసింది. ఇవాళ నన్ను అడిగింది, "మీ భాషలో నన్ను ఏమంటున్నారు? అసలు మాట చెప్పు."

"వద్దులే."

"చెప్పు ఎర్రమ్మా. నా పేరు కంటే ఎక్కువసార్లు ఆ మాటే అంటున్నారు గదా, నాకు తెలియద్దా?"

చెప్పాను. ఆమె మెల్లగా పలికి చూసుకుంది, చే-త-బ-డి, అని. డ ఆమె నోట సరిగా రాలేదు. రెండోసారి వచ్చింది.

అప్పుడు నేను చెప్పేశాను, ఆ అర్థం రాసింది నేనేనని. జాబితా గురించి, మెడ నొప్పి గురించి, ఖాళీగా వదిలేసిన ఆ జాగా గురించి. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"రాయడానికి ఎంతసేపు పట్టింది నీకు?"

"అర నిమిషం ఉంటుంది."

ఆమె తలాడించింది. నేను తెచ్చిన గిన్నె ఖాళీ చేసి, కడిగి, నాకు ఇచ్చేసింది. "చీకటి పడకముందే వెళ్లు" అంది. క్షమించానని అనలేదు. ఎందుకు అనాలి?

జూలై 9

మంచు తుఫాను. పన్నెండు రోజులు గుడిసెకి వెళ్లలేకపోయాను. తాడు కట్టుకుని వెళతానంటే కామయ్య మావ నన్ను గదిలో పెట్టి గడియ వేశాడు. "నిన్ను కూడా పోగొట్టుకోలేనమ్మా" అన్నాడు. ఆ 'కూడా' అన్న మాట విని తలుపు బాదాను.

జూలై 11

వెళ్లాను. బతికే ఉంది. ఎడమ చేతి రెండు వేళ్లు నల్లగా అయిపోయాయి, మంచుకాటు. మెషీన్ల పని చేసే చెయ్యి. నర్సమ్మను రమ్మని బతిమాలాను, వచ్చింది. ఆ రెండు వేళ్లూ తీసేయాల్సి వచ్చింది. తీస్తున్నంతసేపూ ఒర్తెన్సియా పంటి బిగువున ఓర్చుకుంది గానీ అరవలేదు. అరుపును పూస ఏమని చెబుతుందోనని భయపడినట్టు నర్సమ్మ చెవి వైపే చూస్తూ ఉంది. నర్సమ్మ అది గమనించి తన పూస తీసి జేబులో వేసుకుంది.

ఆగస్టు 3

వంటశాల పొయ్యి తలుపు ఊడింది. దాన్ని బిగించడం ఎవరికీ రాదు. బండియ్య నా దగ్గరికి వచ్చి, కింద చూస్తూ అడిగాడు. "అత్తా, ఎలాగ బిగించాలో ఆవిడని అడిగి రాసుకొస్తావా? నేనడిగినట్టు సెప్పకు."

అడిగాను. ఒర్తెన్సియా నేల మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించింది. నేను వెళ్లినా ఇప్పుడు మాట్లాడడం లేదు. బొమ్మ కాగితం మీద దించుకుని వచ్చాను. తలుపు బిగుసుకుంది. బండియ్య థాంక్స్ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో అతనికి తెలియలేదు.

సెప్టెంబరు 14

ఓడ వచ్చింది.

ఊరంతా ఒడ్డుకు వచ్చింది, సరుకుల కోసం కొందరు, చూడడానికి కొందరు. ఒర్తెన్సియా గుడిసె వైపు నుంచి మంచు మీద నడిచి వచ్చింది. వెంట రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లు లేరు. ఆమె బట్టల సంచీ నేను మోశాను, ఎందుకంటే ఆమె చేతులు ఖాళీ లేవు. రెండు చేతులూ భుజాల ఎత్తులో, అరచేతులు బయటికి పెట్టి, అందరికీ కనిపించేలా పట్టుకుని నడిచింది. ఎవరినీ, దేన్నీ తాకడం లేదని తెలియాలి కదా. ఎడమ చేతికి మూడు వేళ్లే ఉన్నాయి. జనం దారి ఇచ్చారు, కావలసినదానికంటే ఎక్కువే.

బెనిగ్నో టోపీ తీశాడు. అంతవరకే చేయగలిగాడు.

నేను నూకరత్నం పక్కన ఆగి అన్నాను. "ఒక్కసారి పాపని సూపించవే. దూరం నుంచే."

నూకరత్నం కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "నాకూ సూపించాలనే ఉందత్తా. నువ్వు సెప్పినదే నిజమేమో. కానీ నేదనుకో, నిజం కాదనుకో? నాకున్నది ఇదొక్కటే."



ఓడ నిచ్చెన బాగా నిటారుగా ఉంది. పైన ఒక నావికుడు, పాతికేళ్లవాడు, ఈ ఊరి సంగతి ఏమీ తెలియనివాడు, వంగి చెయ్యి అందించాడు, "రా అమ్మా" అని ఏదో భాషలో. ఒర్తెన్సియా ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి మా అందరి వైపు చూసింది, పట్టుకోవచ్చా అని అడుగుతున్నట్టు.

నేను తలూపాను. గట్టిగా తలూపాను. ఆమె చూస్తున్నది నన్ను కాదు, నూకరత్నాన్ని. నూకరత్నం పాప మొహం శాలువాతో కప్పి, అటు తిరిగిపోయింది.

ఒర్తెన్సియా కుర్రాడి చెయ్యి పట్టుకోలేదు. ఒక్కొక్క మెట్టు మీదా మోకాలు ఆనించి, మోచేతులతో పాక్కుంటూ, తనంతట తనే ఎక్కింది. చాలాసేపు పట్టింది. అంతసేపూ మేం మూడొందల మందిమీ నిలబడి చూశాం.